పాత ఫోక్ రాక్ ఆల్బమ్ మళ్ళీ వస్తోందా? అది చేతికందేలోగా చేయాల్సిన పనులు

రీఇష్యూ, అంటే పాత ఆల్బమ్‌ని మళ్ళీ విడుదల చేస్తున్నామన్న ప్రకటన కనిపించగానే చెయ్యి పర్సు మీదికి పోతుంది. నాదీ అదే రోగం. ఏళ్ళ తరబడి దొరకని ఆల్బమ్, అట్ట మీద అదే పాత బొమ్మ, ఆ పక్కన "రీమాస్టర్డ్", "డీలక్స్", "పరిమిత ప్రతులు" అని చిన్న స్టిక్కర్. ఆ మూడు మాటలు నా చేత చాలా డబ్బు ఖర్చు పెట్టించాయి. అందులో సగం దండగే. అందుకని ముందే చెబుతున్నాను, ప్రకటన వచ్చిన రోజున ఏమీ కొనకండి. ఒక్క రోజు ఆగితే కొంప మునగదు. ఆ తర్వాత చేయాల్సిన పనులు మాత్రం చాలా ఉన్నాయి.

నేను మాట్లాడేది ముఖ్యంగా 1960ల చివర, 70ల మొదట్లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఫోక్ రాక్ గురించి. వందల ఏళ్ళ నాటి జానపద గాథలకి ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ తగిలించిన ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్, గిటారు పట్టుకుని ఒక్కడే గొణుక్కున్నట్టు పాడుకునే పాటల వెనక వయొలిన్లు పెట్టించిన నిక్ డ్రేక్, గుర్రబ్బండిలో ఊళ్ళు తిరుగుతూ పాటలు కట్టుకున్న వష్టీ బన్యన్, ఇలాంటివాళ్ళు. వీటిలో కొన్ని ఆల్బమ్‌లు వచ్చిన కొత్తలో దాదాపు ఎవరూ కొనలేదు. తక్కువ అమ్ముడుపోయాయి కాబట్టి తొలి ప్రతులు తక్కువ. తక్కువ కాబట్టి ఈ రోజు వాటి ధర ఆకాశంలో ఉంటుంది. మనలాంటివాళ్ళకి రీఇష్యూ తప్ప వేరే దారి లేదు.

మొదటి పని: ఇప్పుడే ఎందుకు వస్తోందో కనుక్కోండి

ఏ కంపెనీ అయినా పాత ఆల్బమ్‌ని ఊరికే బయటికి తీయదు. కారణం తెలిస్తే లోపల ఏముంటుందో సగం తెలిసినట్టే.

మామూలు కారణం పుట్టినరోజు. 1969లో వచ్చినవాటికి 2029లో 60 ఏళ్ళు నిండుతాయి. ఇలాంటి సందర్భానికి వచ్చే రీఇష్యూలో హడావుడి ఎక్కువ, కొత్త సరుకు తక్కువ ఉండే ప్రమాదం ఉంది. రెండో కారణం, ఆ పాట ఉన్నట్టుండి ఎక్కడో వినపడటం. నిక్ డ్రేక్ 1974లో 26 ఏళ్ళకే పోయాడు. పాతికేళ్ళ తర్వాత, 1999 చివర్లో, ఒక ఫోక్స్‌వ్యాగన్ కారు ప్రకటనలో ఆయన పాట పెట్టాక, బతికుండగా రాని శ్రోతలు వచ్చారు.

మూడోది చట్టం. యూరప్‌లో 2013 నుంచి రికార్డింగుల హక్కు 50 ఏళ్ళ నుంచి 70 ఏళ్ళకి పెరిగింది. కానీ విడుదల చేయకుండా బీరువాలో ఉంచిన రికార్డింగులకి 50 ఏళ్ళు దాటితే ఆ రక్షణ పోతుంది. అందుకే 2012లో బాబ్ డిలన్ పాత రికార్డింగులని ఆయన కంపెనీ వందో ఎన్నో ప్రతులు వేసి, "విడుదల చేశాం" అనిపించుకుంది. అలాంటివి మీ కోసం వేసినవి కావు, లాయర్ల కోసం వేసినవి. వాటి వెంట పడకండి.

నాలుగో కారణం దొరికితే మాత్రం చెవులు రిక్కించాలి. ఎక్కడో ఒక టేపు దొరికింది అన్న వార్త.

రెండో పని: "టేపు ఎక్కడిది?" అని అడగండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. అట్ట మీద ఎన్ని విశేషణాలున్నా, ఈ శబ్దం దేని మీంచి తీశారు అన్నదే అసలు ప్రశ్న.

స్టూడియోలో జరిగేది ఇది. గొంతు, గిటారు, డ్రమ్స్ వేరువేరు దారుల్లో ఒక వెడల్పాటి టేపు మీద ఎక్కుతాయి. వాటిని కలిపి, ఏది ఎంత వినపడాలో తేల్చి, రెండు దారుల టేపుగా చేస్తారు. అది మాస్టర్ టేపు. దాని మీంచి కాపీలు తీసి వేరే దేశాల ఫ్యాక్టరీలకి పంపేవారు. కాపీ మీద కాపీ తీసిన కొద్దీ బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది, తాళాల మెరుపు తగ్గుతుంది. పెళ్ళి కార్డుకి జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకి మళ్ళీ జిరాక్సు తీసినట్టు.

రీమాస్టర్ అంటే ఆ రెండు దారుల టేపుని మళ్ళీ శుభ్రంగా ఎక్కించుకుని, హెచ్చుతగ్గులు సరిచేయడం. రీమిక్స్ అంటే ఇంకా వెనక్కి వెళ్ళి, వేరువేరు దారుల నుంచి పాటని మళ్ళీ కూర్చడం. బ్రిటిష్ రాక్ బృందం జెత్రో టల్ 1977 నాటి ఆల్బమ్ "సాంగ్స్ ఫ్రమ్ ద వుడ్"ని 2017లో స్టీవెన్ విల్సన్ రీమిక్స్ చేశాడు. రీమిక్స్‌లో ఇన్నాళ్ళూ వినపడని వాయిద్యం పైకి తేలవచ్చు, మీకు అలవాటైనది వెనక్కి పోవచ్చు. రెండూ ఒకటే అనుకుని కొంటే మీకు తెలిసిన పాట మీకే కొత్తగా అనిపిస్తుంది. ఏది ఇస్తున్నారో ప్రకటనలో స్పష్టంగా లేకపోతే లేబుల్‌కి ఒక మెయిల్ రాయండి. చిన్న లేబుళ్ళు చాలావరకు జవాబిస్తాయి.

వష్టీ బన్యన్ సంగతి చెబితే టేపు విలువ తెలుస్తుంది. 1968లో ఆవిడ, స్నేహితుడు కలిసి గుర్రబ్బండి కట్టుకుని స్కాట్లండ్‌లోని స్కై దీవి వైపు బయల్దేరారు. గాయకుడు డోనవన్ అక్కడ కళాకారుల కోసం ఒక స్థావరం ఏర్పాటు చేస్తున్నాడని విని పోయారు. వీళ్ళు చేరేసరికి అక్కడ ఉన్నవాళ్ళు చెదిరిపోయారు. దారిలో కట్టుకున్న పాటలని నిర్మాత జో బాయ్డ్ లండన్‌లోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రికార్డు చేశాడు. 1970 చివర్లో ఫిలిప్స్ కంపెనీ "జస్ట్ అనదర్ డైమండ్ డే" పేరుతో విడుదల చేసింది. 14 పాటలు, మొత్తం అరగంట. ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ పాడటమే మానేసి, పిల్లల్ని పెంచుకుంటూ ఉండిపోయింది.

1990ల చివర్లో ఇంటర్నెట్‌లో సరదాగా తన పేరు వెతుక్కుంటే, తన ఆల్బమ్ కోసం జనం వెర్రెత్తిపోతున్నారని ఆవిడకే అప్పుడు తెలిసింది. తొలి ప్రతులు వెయ్యి పౌండ్లు దాటి అమ్ముడుపోయే స్థాయికి వెళ్ళాయి. హక్కులు ఎవరి దగ్గరున్నాయి, టేపులు ఎక్కడున్నాయి అని వెతికి పట్టుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. చివరికి 2000లో స్పిన్నీ అనే చిన్న లేబుల్ నాలుగు అదనపు పాటలతో సీడీ తెచ్చింది. 2005లో ఆవిడ రెండో ఆల్బమ్ చేసింది, 35 ఏళ్ళ తర్వాత! రీఇష్యూ ఒక మనిషిని మళ్ళీ పాటకి తేవడం అంటే ఇదీ.

టేపులన్నిటికీ ఇంత అదృష్టం ఉండదు. 2008 జూన్ 1న లాస్ ఏంజిలస్ దగ్గర యూనివర్సల్ స్టూడియోస్ ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో మాస్టర్ టేపులు కాలిపోయాయి. ఆ నష్టం ఎంత పెద్దదో 2019లో పత్రికల్లో వచ్చేదాకా బయటివాళ్ళకి సరిగ్గా తెలియదు. కాబట్టి "ఒరిజినల్ మాస్టర్ టేపుల నుంచి" అన్న మాట స్పష్టంగా లేనప్పుడు అనుమానించడం తప్పు కాదు. ఆ మాట ఉన్నప్పుడు కూడా పూర్తి వాక్యం చదవండి. 2022లో మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికన్ రీఇష్యూ కంపెనీ విషయంలో పెద్ద గొడవైంది. పూర్తిగా అనలాగ్, అంటే శబ్దాన్ని ఎక్కడా కంప్యూటర్ అంకెల్లోకి మార్చలేదు అని నమ్మి కొనుక్కున్నవాళ్ళకి, మధ్యలో ఒక డిజిటల్ మెట్టు ఉందని తెలిసింది. కోర్టు దాకా వెళ్ళి రాజీ పడ్డారు. తమాషా ఏమిటంటే, అంతకు ముందు రోజు దాకా వాటి శబ్దాన్ని ఆహా ఓహో అని పొగిడినవాళ్ళే మర్నాడు తిట్టారు. డిజిటల్ మెట్టు ఉండటం నా దృష్టిలో నేరం కాదు. చెప్పకపోవడం నేరం.

నా సొంత బోల్తా కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక దుకాణంలో, అసలు దొరకదనుకున్న ఇంగ్లిష్ ఫోక్ ఆల్బమ్ సీడీ కనపడింది. బేరం కూడా ఆడకుండా కొన్నాను. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్‌లో వింటే రెండు పాటల మధ్య నిశ్శబ్దంలో చిటపటలు వినపడుతున్నాయి, పోపు వేగుతున్నట్టు. టేపుకి చిటపట ఉండదు. ఎవరో అరిగిన ఎల్పీని, అంటే ముల్లు పెట్టి వినే పెద్ద రికార్డుని, ఎక్కించి సీడీ కొట్టారు. మీరూ ఇలా పరీక్షించవచ్చు. పాట ఆగి ఇంకోటి మొదలయ్యే చోట వాల్యూమ్ పెంచి వినండి. టేపయితే సన్నగా, ఒకే తీరుగా బుస్సుమంటుంది. ఎల్పీ అయితే చిటపటమంటుంది.

దొంగ రీఇష్యూలని పట్టుకోవడానికి ఇంకో గుర్తు, అట్ట వెనక సన్న అక్షరాలు. వృత్తంలో ఇంగ్లిష్ "పి" అక్షరం, దాని పక్కన సంవత్సరం, హక్కుదారు పేరు ఉండాలి. అది లేకపోయినా, ఎప్పుడూ వినని పేరు ఉన్నా వెనక్కి పెట్టేయండి.

మూడో పని: పాతదాన్ని ఇప్పుడే వినండి, కాగితం పెట్టుకుని

చాలామంది కొత్తది వచ్చాక వింటారు, పోల్చడానికి చేతిలో ఏమీ ఉండదు. కొత్తది ఎలా ఉందో తెలియాలంటే పాతది చెవిలో స్థిరపడి ఉండాలి. స్ట్రీమింగ్‌లో పాత వెర్షన్ ఉంటే ఇప్పుడే వినండి, ఎందుకంటే రీమాస్టర్ రాగానే పాతదాన్ని తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టడం మామూలే.

నిక్ డ్రేక్ తొలి ఆల్బమ్ "ఫైవ్ లీవ్స్ లెఫ్ట్"ని ఉదాహరణగా తీసుకుందాం. 1969లో ఐలండ్ రికార్డ్స్ విడుదల. నిర్మాత జో బాయ్డ్, సౌండ్ ఇంజినీరు జాన్ వుడ్, స్టూడియో మళ్ళీ ఆ సౌండ్ టెక్నిక్సే. పేరుకి అర్థం "ఇంకా ఐదు ఆకులే మిగిలాయి". సిగరెట్ చుట్టుకునే రిజ్లా కాగితాల పొట్లంలో చివరికొచ్చేసరికి ఉండే హెచ్చరిక అది. బీడీలు చుట్టే ఊళ్ళవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో "రివర్ మ్యాన్" పాట వేసుకుని చేత్తో తాళం వేయండి. నాలుగు దెబ్బలకి కుదరదు. ఐదు పడతాయి. మనవాళ్ళకి ఇది ఖండ చాపు లెక్క. "తక తకిట, తక తకిట" అని నెమ్మదిగా అనుకుంటూ వినండి, కాసేపటికి పాట ఎందుకు తేలుతున్నట్టు ఉంటుందో తెలుస్తుంది. ఈ పాటకి తీగవాద్యాల కూర్పు హ్యారీ రాబిన్సన్‌ది. ఇంకో నాలుగు పాటలకి కూర్పు కేంబ్రిడ్జ్‌లో నిక్ స్నేహితుడు రాబర్ట్ కిర్బీది. నిక్ మధ్యలో కూర్చుని గిటారు వాయిస్తూ పాడుతుంటే, చుట్టూ వయొలిన్లవాళ్ళు అప్పటికప్పుడు కలిసి వాయించారు. విడివిడిగా రికార్డు చేసి అతికించింది కాదు. అందుకే మంచి రీఇష్యూలో ఆ గది కూడా వినపడుతుంది. చెడ్డ రీఇష్యూలో వయొలిన్లు పాట ముందుకొచ్చి నిలబడతాయి.

కాగితం మీద ఏం రాసుకోవాలి? పెద్ద విశ్లేషణ వద్దు. మూడు నాలుగు చోట్లు చాలు. డానీ థాంప్సన్ నిలువు బేస్ (మనిషెత్తు వయొలిన్ లాంటి వాయిద్యం) తీగని లాగినప్పుడు చెక్క శబ్దం వినపడుతోందా, లేక ఉత్త గుమ్ అనేనా? నిక్ ఊపిరి తీసుకోవడం వినపడుతోందా? తీగ మీద వేలు జారిన చప్పుడు ఉందా? మొదటి పాటలో రిచర్డ్ థాంప్సన్ ఎలక్ట్రిక్ గిటారు ఏ వైపు నుంచి వస్తోంది? ఈ నాలుగూ రాసి అట్టలో దాచుకోండి.

ఒక పక్క మాట. నిక్ డ్రేక్ పుట్టింది 1948లో, రంగూన్‌లో. మన తాతలు "రంగం" అనే ఊరు. కాకినాడ నుంచి, విశాఖ నుంచి ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడివాళ్ళు మన కోరంగి రేవు పేరు మీదే "కొరంగీలు" అనేవారు. నిక్ తండ్రి అక్కడ ఒక టేకు కలప కంపెనీలో ఇంజినీరు. సంగీతంతో దీనికి సంబంధం లేదు. కానీ ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఆ గొంతు నాకు మరీ పరాయిగా అనిపించదు.

నాలుగో పని: అదనపు పాటల్ని తూకం వేయండి

డీలక్స్ ధరంతా ఇక్కడే ఉంటుంది. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ "లీజ్ అండ్ లీఫ్" చూడండి. 1969 మే నెలలో వాళ్ళ వ్యాన్‌కి ఘోర ప్రమాదం జరిగి, డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. మిగిలినవాళ్ళు కోలుకుంటూ పల్లెటూరి ఇంట్లో కూడి, పాత బ్రిటిష్ గాథలకి ఎలక్ట్రిక్ వాయిద్యాలు కట్టి, అదే డిసెంబరులో ఈ ఆల్బమ్ తెచ్చారు. 2002లో రెండు అదనపు పాటలతో సీడీ వచ్చింది. 2007లో రెండు సీడీల డీలక్స్ వచ్చింది. అంటే ఐదేళ్ళలో అభిమాని అదే ఆల్బమ్‌కి రెండు సార్లు డబ్బు కట్టాడు. పాటల పట్టిక పక్క పక్కన పెట్టుకుని, నిజంగా కొత్తవి ఎన్నో గీత గీయండి. "ప్రత్యామ్నాయ టేక్" (అదే పాటని ఇంకోసారి పాడి రికార్డు చేసింది) అని ఉన్నవాటిలో సగం, గాయని దగ్గిన చోట ఆపేసిన ప్రయత్నాలే.

దీనికి ఎదురు ఉదాహరణ 2025 జూలైలో వచ్చిన "ద మేకింగ్ ఆఫ్ ఫైవ్ లీవ్స్ లెఫ్ట్". నాలుగు ఎల్పీలు లేదా నాలుగు సీడీలు. 30కి పైగా రికార్డింగులు అంతకు ముందు బయటివాళ్ళు వినలేదు. 1968లో నిక్ మొదటిసారి స్టూడియోకి వచ్చిన రోజు టేపుని గాయని బెవర్లీ మార్టిన్ దశాబ్దాల పాటు దాచి ఉంచింది. కేంబ్రిడ్జ్‌లో ఒక విద్యార్థి గదిలో, పాటల గురించి నిక్ మాట్లాడుతూ పాడిన ఇంకో టేపు దొరికింది. ఇది అదనపు పాటలు అంటించడం కాదు, ఆల్బమ్ ఎలా తయారైందో వరసగా చూపించడం. ఇలాంటిదానికి అప్పు చేసినా పాపం లేదంటాను, ఇంట్లో మాత్రం అలా చెప్పకండి.

ఐదో పని: ఎల్పీయా, సీడీయా?

టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయరు) లేకపోతే సీడీ కొనండి, లేదా డబ్బు పెట్టి ఫైలు దింపుకోండి. సిగ్గు పడాల్సిన పనేం లేదు. ఈ సంగీతం మరీ నెమ్మది, ఎల్పీ మీద చిన్న చిటపట కూడా బయటపడుతుంది. 180 గ్రాముల ఎల్పీ అంటే బరువైన ప్లాస్టిక్ అని మాత్రమే అర్థం. శబ్దం గురించి ఆ అంకె ఏమీ చెప్పదు. రంగు రంగుల ఎల్పీలు చూడ్డానికి బాగుంటాయి. నేనైతే నలుపే తీసుకుంటాను. 1965 నాటి అమెరికన్ ఫోక్ రాక్, అంటే బర్డ్స్ బృందం లాంటివాళ్ళవి అయితే మోనో ప్రతి (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేది) ఉందేమో చూడండి. అప్పట్లో రేడియోలో జనం విన్నది అదే.

ఆరో పని: తెప్పించుకోవడం

ఇండియాలో ఉన్నవాళ్ళకి అసలు టెన్షన్ ఇక్కడే. విదేశీ దుకాణంలో కనిపించే ధరకి కొరియర్, కస్టమ్స్ సుంకం కలుపుకుంటే లెక్క మారిపోతుంది. సుంకం రేట్లు మారుతుంటాయి కాబట్టి ఆర్డర్ చేసే వారంలోనే చూసుకోండి. ఇక్కడే దిగుమతి చేసుకుని అమ్మే దుకాణాలున్నాయి. ధర కాస్త ఎక్కువనిపించినా, పాడైతే వెనక్కి ఇచ్చే వీలుంటుంది కాబట్టి ఎన్నోసార్లు అదే లాభం.

మన ఇళ్ళలో ఇంకో మార్గం ఎలాగూ ఉంది. డాలస్ నుంచో లండన్ నుంచో వచ్చే బావగారు. ఆర్డరు ఆయన చిరునామాకి పెట్టండి. కానీ ఆయనకి ఒకటికి రెండు సార్లు చెప్పండి, చెక్-ఇన్ సూట్‌కేసులో చాక్లెట్ల కింద పెట్టొద్దని. ఎల్పీ అట్ట సుమారు 31.5 సెంటీమీటర్లు ఉంటుంది, మామూలు క్యాబిన్ బ్యాగులో పడుతుంది. రెండు గట్టి అట్టల మధ్య, బట్టల నడుమ నిలువుగా పెట్టమనండి.

ఎండ సంగతి మరవకండి. ఏప్రిల్, మే నెలల్లో ఎల్పీ తెప్పించొద్దు. విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం తలుపులు మూసిన డెలివరీ వ్యాన్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించండి. 60 డిగ్రీలకి దగ్గర పడితే ఎల్పీ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఒకసారి మే మూడో వారంలో నాకొచ్చిన ఎల్పీ, నూనెలో వేసిన అప్పడంలా అంచులు పైకి లేచి ఉంది. ముల్లు ఎక్కి దిగుతుంటే పాట ఊయలూగింది. అమ్మినాయన కొరియర్‌వాళ్ళని అన్నాడు, కొరియర్‌వాళ్ళు ఎండని అన్నారు. ఎండ మీద కేసు వేయలేం కదా. అప్పటి నుంచి వేసవిలో నావి అన్నీ సీడీలే. ప్రీ-ఆర్డర్ చేసేటప్పుడు కూడా విడుదల తేదీ వేసవిలో పడుతుంటే, జూలైలో పంపమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

ఏడో పని: తేదీ జరిగినా కంగారు పడకపోవడం

ఇది జరిగి తీరుతుంది. చాలా ఎల్పీల తయారీకి మొదట అల్యూమినియం పళ్ళెం మీద పూత వేసిన "లాకర్" కావాలి. బ్యాంకు లాకర్ కాదులెండి, పాటని గాడిగా కోసే మెత్తటి పళ్ళెం. ప్రపంచంలో వీటిని తయారుచేసే పెద్ద కంపెనీలు రెండే ఉండేవి. అందులో ఒకటి, కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్, 2020 ఫిబ్రవరి 6న కాలిపోయింది. భారమంతా జపాన్‌లోని రెండోదాని మీద పడింది. ఆ గాడులు కోసిన పళ్ళెం నుంచి లోహపు అచ్చులు తీసి, నమూనా ప్రతి కొట్టి, అది బాగుందని ఎవరో విని ఒప్పుకుంటేనే మిగతావి అచ్చవుతాయి. నమూనాలో లోపం దొరికి విడుదల వాయిదా పడిందంటే సంతోషించండి, అక్కడ ఎవరో శ్రద్ధగా విన్నారన్నమాట.

పెట్టె వచ్చిన రోజు

పెట్టె విప్పుతూ ఫోన్‌లో వీడియో తీయండి. మూలలు నలిగినా, రికార్డు వంగినా వెనక్కి ఇవ్వడానికి అదే సాక్ష్యం. రికార్డుని అంచులు, మధ్య లేబుల్ పట్టుకుని తీసి, కంటి ఎత్తున అడ్డంగా పెట్టి చూడండి, వంపు తెలుస్తుంది. తిరుగుతున్నప్పుడు ముల్లు ఉన్న చెయ్యి పక్కకి ఊగుతుంటే మధ్య చిల్లు సరిగ్గా పడలేదన్నమాట. పొడుగు స్వరాలు సన్నగా వణుకుతాయి. వెనక్కిచ్చే గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపే అన్ని వైపులూ పూర్తిగా వినేయండి. రెండో వైపు చివరి పాటలో గొంతు చీరుకుపోతోందని మూడు నెలల తర్వాత తెలిస్తే ఎవరూ వినరు.

కొత్త రికార్డునైనా ఒకసారి తుడవాలి. ఫ్యాక్టరీ దుమ్ము ఉంటుంది. శుభ్రం చేసే ద్రవాల్లో ఆల్కహాల్ ఉంటే ఎల్పీకి కొద్దిగా పరవాలేదు. కానీ అదే బట్టతో అటక మీది తాతగారి 78 ప్లేట్లని తుడిచారంటే అంతే సంగతులు. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌లో కరుగుతాయి. లోపలి కాగితపు కవరు గరుకుగా ఉంటే పలచటి ప్లాస్టిక్ కవరు కొని మార్చండి. పుస్తకాల్లా నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో అట్టలకి బూజు పడుతుంది. అరలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి తలుపు తీసి గాలి ఆడనివ్వండి.

ఇక వినడం

మొదటిసారి పోలికలేమీ పెట్టుకోకుండా వినండి. ఇన్నాళ్ళు ఆగారు, "ఫైవ్ లీవ్స్ లెఫ్ట్" అయితే ఆ 42 నిమిషాలు మీవి.

మర్నాడు ఆ కాగితం బయటికి తీయండి. పాతదీ కొత్తదీ ఒకే శబ్ద స్థాయిలో పెట్టుకోవడం ముఖ్యం, ఎందుకంటే కాస్త బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది. కొత్త రీమాస్టర్లు చాలావరకు బిగ్గరగానే ఉంటాయి. ఫోన్‌లో డెసిబెల్ కొలిచే యాప్ ఒకటి వేసుకుని రెండూ సమానం చేయండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి, ఏది ఏదో చెప్పకుండా మార్చి మార్చి వేయమనండి. మా ఇంట్లో ఈ పని నా కూతురిది. నేను ఎగిరి గంతేసి కొన్న రెండు రీఇష్యూల్లో, నాకు తెలియకుండానే పాతదే బాగుందని వేలు చూపించాను. అది ఇప్పటికీ చుట్టాల ముందు ఆ సంగతి ఎత్తుతుంది.

చివరిగా అట్ట చదవండి. 1969లో "ఫైవ్ లీవ్స్ లెఫ్ట్" వచ్చినప్పుడు అట్ట మీద పాటల వరస తప్పు పడింది. పాడని చరణాలు కూడా అచ్చయ్యాయి. నిక్‌కి అది నచ్చలేదు. మీ చేతిలో ఉన్న ప్రతిలో ఏ వరస వేశారో చూడండి. అలాగే ఉంచితే చరిత్ర, సరిదిద్దితే మర్యాద. నేనైతే అట్ట మీద పాత తప్పుని అలాగే వదిలి, లోపలి పుస్తకంలో ఒక వాక్యం రాయమంటాను.

పాత ప్రతిని మాత్రం ఆ వారంలోనే అమ్మేయకండి. కనీసం ఒక వానాకాలం గడవనివ్వండి.